లోపలి మడత

ఒందీనా ఫుర్లానిచ్ అంటే మీకు గొంతు.
నాకు నడుము.

త్రియెస్తెలో ఒపేరా హౌసు మూడో అంతస్తు,
సముద్రం వైపు కిటికీ ఉన్న కుట్టుగది.
బోరా గాలి వీచే రోజుల్లో
కొక్కేలకి వేలాడే రాణులందరూ ఒక్కసారిగా ఊగేవారు,
తలల్లేకుండా.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకి ఇరవై మూడు.
వాళ్ళ నాన్న సార్డీన్లు అమ్మేవాడు.
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా చేతుల వాసన పోలేదని
గోడకి ఆనుకుని, నాకు దూరంగా నిలబడింది.
దాసీ వేషం. పాడాల్సినవి రెండు వాక్యాలు,
మోయాల్సింది ఒక కొవ్వొత్తి.
"ఊపిరి పీల్చు" అన్నాను.
టేపు నా వేళ్ళలోంచి జారుతూ
బెత్తెడు దూరం పాకింది.
ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను,
ఈ పిల్ల కొవ్వొత్తి ఎక్కువ కాలం మోయదు అని.
సూప్‌లో ఉప్పు తక్కువైందన్నాడు.

పత్రికల వాళ్ళు ఆమె జీవితం రాశారు:
మిలాన్, వియన్నా, బ్యూనస్ ఐరిస్,
పన్నెండుసార్లు తెర లేపించిన రాత్రి,
ఒక కండక్టర్‌తో పెళ్ళి,
అదే కండక్టర్‌తో కోర్టు.
ఏటా చలికాలం మాత్రం మా ఊళ్ళోనే పాడేది.
నా దగ్గరున్నది నీలం అట్ట నోటుబుక్కు.
తేదీ, వేషం, ఛాతీ, నడుము, పక్కటెముకలు.

డెబ్భై ఒకటి, ఫిబ్రవరి: నడుము రెండంగుళాలు ఎక్కువ.
ఏప్రిల్: మళ్ళీ మామూలు.
మధ్యలో ఏమైందో నేనడగలేదు.
నల్ల దారం ఉంటే ఇవ్వమంది, ఏ వేషానికీ కాదు.
ఉండ మొత్తం ఇచ్చేశాను.

కుట్టేవాళ్ళకి ఒక అలవాటు ఉంది.
పక్క కుట్టులో రెండంగుళాల గుడ్డ
లోపలికి మడిచి ఉంచుతాం.
రేపు మనిషి ఎలా మారుతుందో ఎవరికి ఎరుక?
జనం చూసేది పైపట్టు.
ఆమె ముప్ఫై ఏళ్ళూ ఆ మడతలోంచే ఖర్చు పెట్టుకుంటూ వచ్చింది.

ఎనభై తొమ్మిది, నవంబరు. విధవరాణి వేషం.
"ఊపిరి పీల్చండి సిన్యోరా."
టేపు కదిలింది.
వేలున్నర.
అంతకు మించి కదలలేదు.
అద్దంలో ఆమె నన్ను చూసింది, నేను టేపును చూశాను.
"నివెస్, మరీ బిగించావా?"
"గుడ్డ కొత్తది కదా, సాగాలి" అన్నాను.
ఆ గౌనుకి పంతొమ్మిదేళ్ళు.

ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా
వీపు మీద ఏడు హుక్కులు వదిలేశాను,
పైన బరువైన మఖ్మల్ అంగీ కప్పి.
మూడో అంకంలో ఆ పై స్వరం వచ్చింది.
తడిపి మెలేసినా కొస విడిపోయిన దారం
ఎలాగో సూదిబెజ్జం దాటినట్టు
వచ్చింది.
పొద్దున పేపర్లో రాశారు:
"వయసు తెచ్చిన సంయమనం."
ఓహో, దాన్ని అలా అంటారా అనుకున్నాను.
హుక్కుల సంగతి ఆమెకి తెలుసు.
ఆ తర్వాత ఎప్పుడూ కొలతలకి రాలేదు.

ఇప్పుడా గౌను కింది హాల్లో అద్దాల పెట్టెలో ఉంది.
ఇత్తడి పలక మీద పేరు, రెండు సంవత్సరాలు.
బొమ్మ నడుము మరీ సన్నం,
మిగిలిన గుడ్డని వెనక పిన్నులతో లాగి కట్టారు,
అదీ వంకరగా.
స్కూలు పిల్లలు ముక్కులానించిన మరకలు అద్దం మీద.
సరిచేస్తానని అడిగాను.
ముట్టుకోకూడదన్నాడు కాపలా కుర్రాడు,
మర్యాదగానే.
ఎనభై ఏళ్ళ ముసలిదాన్ని కదా,
కుర్చీ కూడా తెచ్చి వేశాడు.
"ఆవిడ పాట మీరు విన్నారా?" అని
కొంచెం అసూయగా అడిగాడు.

లేదు బాబూ, అన్నాను.
రెక్క తెర వెనక నిలబడేదాన్ని, నిజమే,
ముప్ఫై ఏళ్ళు.
నోటి నిండా గుండుసూదులు.
చెవులు రెండూ
హుక్కుల మీద.